పొట్ట ఆపరేషన్ తర్వాత పేగు కదలడానికి కొనే సరుకులు: ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

కడుపు మీద ఆపరేషన్ ఏదైనా కానీ, మరుసటి రోజు రౌండ్స్‌లో సర్జన్ గారు మొదట అడిగేది "గ్యాస్ పోయిందా?" అనే. లేదన్న జవాబు రాగానే పక్కనున్న బంధువులు మందుల షాపుకు పరుగెత్తుతారు. తిరుపతిలో స్విమ్స్, రుయా, ప్రసూతి ఆసుపత్రుల చుట్టుపక్కలైనా, చిత్తూరు ప్రభుత్వాసుపత్రి దగ్గరైనా వాళ్లు తెచ్చే సంచిలో ఇంచుమించు ఒకే సరుకు ఉంటుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్, పొట్టకు కట్టే బెల్టు, లాక్టులోజ్ సీసా, ఇసబ్‌గోల్ డబ్బా, కొబ్బరి బోండాలు, ఊదితేనో పీలిస్తేనో బంతులు పైకి లేచే ఊపిరి యంత్రం. వీటిలో కొన్ని నిజంగా మేలు చేస్తాయి. కొన్ని మంచివే గానీ వేరే పనికి. ఒకటి రెండు మాత్రం వేళ తప్పి వాడితే ఉన్న బాధకు కొత్త బాధ తోడు చేస్తాయి.

ఈ సమీక్షలో ప్రతి సరుకునూ ఒకే ప్రశ్నతో చూశాం. ఆపరేషన్ తర్వాత పేగుకు "ఆగు" అని చెబుతున్న నరం మీద ఇది పనిచేస్తుందా, లేదా? ఎందుకంటే అప్పుడు పేగులో అడ్డం ఏమీ ఉండదు. దాని నరాల మధ్య సంకేతాలు తగ్గిపోయి ఉంటాయి, అంతే. అడ్డం పడినప్పుడు చేసే వైద్యాన్ని సంకేతం తగ్గినప్పుడు చేస్తే ఫలితం రాదు.

పేగు గోడలో దానికంటూ సొంత నరాల వల ఉంది. నిలువు కండర పొరకూ గుండ్రటి కండర పొరకూ మధ్యనున్న వల కదలికను నడిపిస్తుంది. లోపలి పొర కిందనున్న మరో వల స్రావాలను, రక్తప్రసరణను చూసుకుంటుంది. బయటి నరాలన్నీ తెంచేసినా పేగు తనంతట తాను ముద్దను ముందుకు తోయగలదని బేలిస్, స్టార్లింగ్ 1899లోనే చూపించారు: ముద్దకు వెనక భాగం బిగుస్తుంది, ముందు భాగం వదులవుతుంది. ఈ కదలికకు లయ ఇచ్చేవి కహాల్ కణాలు. జీర్ణాశయంలో నిమిషానికి 3 అలలు, చిన్నపేగు మొదట్లో 12 దాకా పుట్టేది వీటి నుంచే. బయటి నరాలు ఈ వేగాన్ని పెంచడానికీ తగ్గించడానికీ మాత్రమే. మెదడు నుంచి దిగే వేగస్ నరం ఎక్కువగా కదలిక వైపు నడిపిస్తే, వెన్నుపాము నుంచి వచ్చే సింపతెటిక్ నరాలు ఆపుతాయి. పెద్దపేగు ఎడమ భాగం, మలాశయం వేగస్ పరిధిలోకి రావు. వాటికి వెన్ను అడుగున ఎస్2, ఎస్3, ఎస్4 దగ్గర బయలుదేరే కటి నరాలు వేరుగా ఉన్నాయి.

చర్మం కోసి, పొర తెరిచి, పేగును చేత్తో పక్కకు జరపగానే ఆ కబురు వెన్నుపాముకు చేరుతుంది. అక్కణ్నుంచి సింపతెటిక్ నరాల గుండా తిరిగొచ్చి నార్‌అడ్రినలిన్ విడుదలవుతుంది. పేగును కదిలించే అసిటైల్‌కోలిన్ విడుదలను అది అణిచేస్తుంది. ఇది మొదటి దశ, కొన్ని గంటల్లో తగ్గేది. రెండో దశ మూడు నాలుగు గంటల తర్వాత మొదలై రోజుల తరబడి సాగుతుంది. పేగు కండరంలో కాపలా ఉండే మాక్రోఫేజ్ కణాలు రేగి, తెల్లరక్తకణాలను పిలిపించుకుని, నైట్రిక్ ఆక్సైడ్‌నూ ప్రోస్టాగ్లాండిన్లనూ వదులుతాయి. కండరం బిగువు కోల్పోతుంది. ఆ వాపు మళ్లీ సింపతెటిక్ నరాలను రేపుతుంది కాబట్టి సర్జన్ చేయి తగలని భాగం కూడా ఆగిపోతుంది. పేగును ఎంత ఎక్కువగా జరిపితే ఈ రెండో దశ అంత పెద్దది. ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్) అయినవాళ్లకు పేగు త్వరగా కోలుకోవడానికి ఇదే పెద్ద కారణం.

మామూలుగా చిన్నపేగు 24 గంటల్లోపు, జీర్ణాశయం 24 నుంచి 48 గంటల్లో, పెద్దపేగు 48 నుంచి 72 గంటల్లో కదలికకు వస్తాయి. ఆపరేషన్ అయిన రెండో రోజున మోషన్ కాలేదంటే అది ఇంకా లెక్కలోనే ఉన్నట్టు. స్టెతస్కోపుతో వినే గుడగుడల మీద కూడా అంత నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. అవి చిన్నపేగు నుంచైనా రావచ్చు. తిన్నది వాంతి కాకుండా నిలవడం, మోషన్ కావడం, ఈ రెండూ కలిస్తేనే పేగు దారిలో పడిందని అర్థం.

ఇక సరుకుల సంగతి. ముందు చూయింగ్ గమ్.

సంచిలో అన్నిటికన్నా చవకైనది ఇదే, నరం మీద నేరుగా పనిచేసేదీ ఇదే. నమలడం మొదలుపెట్టగానే తిండి వస్తోందని మెదడు అనుకుంటుంది. లాలాజలం ఊరుతుంది, వేగస్ నరం కింద ఉన్న జీర్ణాశయాన్నీ పేగునూ సిద్ధం చేస్తుంది. వేగస్ ద్వారా అందే అసిటైల్‌కోలిన్ ప్రభావం మాక్రోఫేజ్‌ల రేగుదలను కూడా తగ్గిస్తుందని జంతువుల మీద పరిశోధనల్లో కనిపించింది. అంటే లెక్కప్రకారం రెండు దశలకూ ఇది పనికి రావాలి. 2002లో జపాన్‌లో పెద్దపేగు ఆపరేషన్ అయినవాళ్లకు రోజుకు మూడుసార్లు గమ్ ఇచ్చి చూశాక దేశదేశాల్లో పరిశోధనలు జరిగాయి. వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షలో 81 పరిశోధనలను కలిపి చూస్తే గ్యాస్ పోవడం సగటున 10 గంటలు ముందుకు జరిగినట్టు తేలింది. ఆ పరిశోధనల్లో చాలావాటి నాణ్యత తక్కువని ఆ సమీక్షే చెప్పింది కూడా. తొందరగా తిండి పెట్టి, తొందరగా లేపి నడిపించే వార్డుల్లో గమ్ వల్ల అదనంగా ఒరిగేది తక్కువ. అక్కడ నోరు ఎలాగూ పనిలో ఉంటుంది కదా. సిజేరియన్ అయి ఇంకా తిండి మొదలుపెట్టని బాలింతకు, పేగు కత్తిరించి కలిపాక నోటికి ఏమీ వద్దన్న రోగికి మాత్రం ఇది అడగదగ్గ సరుకు.

వాడే పద్ధతిలోనే చాలామంది తప్పుతారు. మత్తు పూర్తిగా దిగాలి, మనిషి పిలిస్తే పలకాలి, సర్జన్ సరేననాలి. మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టి, రోజుకు మూడుసార్లు, ఒక్కో ముక్క 15 నుంచి 30 నిమిషాలు నమిలించి ఉమ్మించాలి. పడుకున్న మనిషి నోట్లో గమ్ పెట్టకూడదు. వాంతి వికారం ఉన్నా, మగతగా ఉన్నా, మింగడం కష్టమైనా వద్దు. కట్టుడు పళ్లకు అతుక్కుంటుంది. కొనేటప్పుడు అట్ట మీద షుగర్‌ఫ్రీ అని ఉందో లేదో చూడాలి. ఆర్బిట్ లాంటివి సరిపోతాయి, చక్కెర పాకం నింపిన గమ్‌లు వద్దు. షుగర్‌ఫ్రీలో తీపికి వేసే సార్బిటాల్ రోజుకు 10 గ్రాములు దాటితే అదే ఉబ్బరం తెస్తుంది, విరేచనాలూ పట్టిస్తుంది. కనుక రోజంతా నమలడం వల్ల మేలు పెరగదు. గమ్ బదులు వక్కపొడి, పాన్ మసాలా నోట్లో వేయడం మన వైపు కనిపించే అలవాటు. వక్క నోటి క్యాన్సర్ తెచ్చేది. దాన్ని ఆపరేషన్ రోజుల్లో కొత్తగా అంటించవద్దు. గమ్‌కు మా మార్కులు ఐదింట మూడున్నర.

సంచిలో లేనిదీ, ఉండాల్సిందీ కాఫీ. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పెద్దపేగు ఆపరేషన్ అయినవాళ్లకు రోజుకు మూడుసార్లు, 100 మిల్లీలీటర్ల చొప్పున కాఫీ ఇచ్చి, మరికొందరికి అంతే నీళ్లిచ్చి చూశారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో కాఫీ తాగినవాళ్లకు మొదటి మోషన్ సుమారు 60 గంటలకు, నీళ్లు తాగినవాళ్లకు 74 గంటలకు అయింది. కెఫీన్ తీసేసిన కాఫీ కూడా పనిచేసినట్టు తర్వాతి పరిశోధనలో కనిపించింది కాబట్టి మేలు ఒక్క కెఫీన్‌ది కాదు. ఫిల్టర్ కాఫీ తాగని ఇల్లు తిరుపతిలో తక్కువ. ఆపరేషన్ అయిన మనిషికి మాత్రం కాఫీ ఆపేసి హార్లిక్స్ పట్టిస్తారు, అది తారుమారు వ్యవహారం. డికాక్షన్‌లో వేడినీళ్లు కలిపి, చక్కెర కొద్దిగా వేసి చిన్న గ్లాసుతో ఇవ్వడం మేలు. మొదటి రెండు రోజుల్లో హోటల్ నుంచి తెచ్చే చిక్కటి పాల కాఫీ పాలు పడని వాళ్లకు ఉబ్బరం తెస్తుంది. జీర్ణాశయం మీదే ఆపరేషన్ అయినవాళ్లు, అల్సర్ ఉన్నవాళ్లు, గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి. సాయంత్రం తర్వాత వద్దు, నిద్ర పట్టదు. ఐదింట నాలుగు.

సంచిలో పైకి కనపడకుండా పేగును అన్నిటికన్నా ఎక్కువగా ఆపేది నొప్పి మందు. మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ ఇవన్నీ మెదడులో నొప్పిని తగ్గించే గ్రాహకాల మీదే పనిచేస్తాయి. అవే మ్యూ గ్రాహకాలు పేగు నరాల వల మీదా ఉన్నాయి. అక్కడ మందు తగలగానే అసిటైల్‌కోలిన్ విడుదల తగ్గుతుంది, ముందుకు తోసే కదలిక పోయి ఉన్నచోటే పిసికే కదలిక మిగులుతుంది, ద్వారాలు బిగుస్తాయి, లోపలి నీరు ఎక్కువగా ఇంకిపోయి మలం గట్టిపడుతుంది. పేగు తేరుకునే వేళకే రోజూ మూడు పూటలా ట్రమడాల్ పడుతుంటే గమ్, కాఫీ చేసే మేలంతా కొట్టుకుపోతుంది. అలాగని నొప్పిని పంటి బిగువున ఓర్చుకోమని కాదు. నొప్పి కూడా సింపతెటిక్ నరాలనే రేపుతుంది. పైగా దగ్గలేక ఊపిరితిత్తులు చెడతాయి, మనిషి లేచి నడవడు. దారి ఏమిటంటే, వేరే రకం మందులతో నొప్పిని చాలావరకు తగ్గించి, ట్రమడాల్ లాంటి మత్తు రకం మందును మిగిలిన నొప్పికి మాత్రమే వాడటం. పారాసిటమాల్ పెద్దవాళ్లకు 6 గంటలకోసారి 1 గ్రాము, రోజుకు 4 గ్రాములు దాటకుండా. 50 కిలోల లోపు బరువున్నవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు మోతాదు తగ్గించాలి. డైక్లోఫినాక్ వాపునూ తగ్గిస్తుంది గానీ కిడ్నీకీ రక్తస్రావానికీ భయం ఉంది, పేగు కుట్టు వేసినచోట లీకు అనుమానమూ ఉంది. అది సర్జన్ రాస్తేనే.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుతో మాట్లాడే అవకాశం వస్తే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఎపిడ్యూరల్ గానీ, పొట్ట గోడ నరాల బ్లాక్ గానీ పెడతారా సార్?" వీపు మధ్య భాగంలో సన్నని గొట్టం పెట్టి బుపివకైన్ లాంటి మందు పంపితే పేగును ఆపే సింపతెటిక్ సంకేతమే అక్కడ తెగుతుంది. ఈ సమీక్షలో చెప్పిన వాటన్నిటిలో మొదటి దశను వేరుతో పట్టుకునేది అదొక్కటే. నడుము దగ్గర పెట్టే ఎపిడ్యూరల్‌కు ఆ గుణం అంతగా ఉండదు. పొట్ట గోడలో వేసే టాప్ బ్లాక్ కోత నొప్పిని తగ్గిస్తుంది, లోపలి అవయవాల నొప్పిని తగ్గించదు, అయినా ట్రమడాల్ అవసరం తగ్గుతుంది. బీపీ పడిపోవడం ఎపిడ్యూరల్‌తో వచ్చే చిక్కు. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు పెట్టకపోవచ్చు.

బెల్టు గురించి షాపువాళ్లు ఏం చెప్పినా, అది పేగును కదిలించదు. లేచేటప్పుడు, దగ్గేటప్పుడు కోత దగ్గర ఆసరా ఇస్తుంది, అందుకని నడవడానికి ధైర్యం వస్తుంది. దాని మేలు అంతవరకే, అది తక్కువేమీ కాదు. నిలబడి బొడ్డు దగ్గర చుట్టుకొలత తీసి సైజు కొనాలి. లోపల రెండు వేళ్లు దూరాలి. పడుకునేటప్పుడూ తినేటప్పుడూ విప్పాలి, లేకపోతే జీర్ణాశయం నొక్కుకుని పుల్లటి త్రేన్పులు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు దాని కింద చెమట పట్టి కుట్లు నాని చెడతాయి. లోపల పలుచటి నూలు బనియన్ వేసి, రోజూ బెల్టు మార్చుకునేలా రెండు కొనడం మంచిది. స్టోమా సంచి (పొట్ట మీద చేసిన ద్వారం నుంచి వచ్చే మలాన్ని పట్టే సంచి) పెట్టినవాళ్లు మామూలు బెల్టు వాడకూడదు. నడక కూడా పేగును నేరుగా లేపుతుందన్న రుజువు బలంగా లేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తులకు నిమ్ము చేరకుండా నడక తప్పనిసరి. బంతుల యంత్రానిదీ అంతే, ఊపిరితిత్తుల కోసం కొనాలి, పేగు కోసం కాదు.

విరేచన మందుల్లో మనవాళ్లకు తేడా తెలియకపోవడం వల్లే ఎక్కువ ఇబ్బంది. ఇసబ్‌గోల్ నీటిని పీల్చి ఉబ్బుతుంది. పేగు తోస్తున్నప్పుడే దానివల్ల మేలు. పేగు ఆగి ఉన్నప్పుడు, పైగా నీళ్లు గుక్కగుక్కగా తాగుతున్నప్పుడు, అది లోపల జిగురు ముద్దలా నిలబడిపోయి నిజంగానే అడ్డం పడవచ్చు. గ్యాస్ పోయి, మోషన్ మొదలై, రోజుకు లీటరున్నర నీళ్లు తాగగలిగే దాకా ఆ డబ్బా తెరవవద్దు. ఆపరేషన్ తొలి రోజులకు ఐదింట సున్నా. లాక్టులోజ్ 24 నుంచి 48 గంటలు తీసుకుంటుంది, పెద్దపేగులో సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. ఉబ్బరంతో ఉన్న పొట్టకు ఇంకాస్త ఉబ్బరం. పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, 17 గ్రాములు ఒక గ్లాసు నీళ్లలో, పులియదు కాబట్టి ఇంటికెళ్లాక గట్టి మలానికి అదే నయం. ఈ వరసలో నరాల మీద పనిచేసేది బిసకోడిల్. పెద్దపేగు లోపలి పొరను రేపి, అక్కడి నరాల వలతో తోపు కదలిక పుట్టిస్తుంది. మాత్ర 6 నుంచి 12 గంటల్లో, మలద్వారంలో పెట్టేది 15 నుంచి 60 నిమిషాల్లో పనిచేస్తుంది. మాత్రను నలిపి ఇవ్వకూడదు, పాలతో అసలే వద్దు. పైపూత జీర్ణాశయంలోనే కరిగి కడుపునొప్పి తెస్తుంది. మలాశయం దగ్గర కుట్టు పడినవాళ్లకు కింది నుంచి ఏదీ, ఎనిమా సహా, సర్జన్ చెప్పకుండా పెట్టనే కూడదు.

కొబ్బరినీళ్లకు సంబంధం పొటాషియంతో. రక్తంలో అది 3.5 కంటే తగ్గితే నరం సంకేతం పంపినా పేగు కండరం సరిగా బిగియదు. వాంతులు, ముక్కు గొట్టం ద్వారా పోయే రసాలు, మూత్రం మందులు దాన్ని తగ్గిస్తాయి. మెగ్నీషియం తగ్గితే పొటాషియం ఎంత ఎక్కించినా నిలవదు. మూడో రోజుకూ గ్యాస్ పోని రోగికి ఈ రెండు పరీక్షలు చేశారా అని అడగడం న్యాయమైన ప్రశ్న. తాగడానికి అనుమతి ఉన్నవాళ్లకు కొబ్బరినీళ్లు మంచివే. కిడ్నీ జబ్బు ఉన్నా, రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా డాక్టరును అడిగే తాగాలి. "ఇంకో సెలైన్ ఎక్కించండి" అని పట్టుబట్టడం మాత్రం మానాలి. ఎక్కువైన ఉప్పునీరు చేరి పేగు గోడ వాస్తుంది, జీర్ణాశయం ఖాళీ కావడం ఆలస్యమవుతుంది.

తిండి విషయంలో పత్యం పేరుతో పది రోజులు బ్రెడ్డూ పాలూ పెట్టడం పేగు నరాలకు చేసే అపకారం. తిన్న ముద్దే పేగుకు అసలు సంకేతం. సర్జన్ తిండికి సరేనన్నాక పలుచటి రాగి జావ, మెత్తటి ఇడ్లీ, చారన్నం, అరటిపండు, కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు. సంగటి, పప్పు, వేరుశనగ చట్నీ మోషన్లు కుదురుకున్నాక. పొద్దున తిన్నాక పెద్దపేగు తనంతట తాను కదిలే ఒక ప్రతిచర్య ఉంది. టిఫిన్ అయిన 20, 30 నిమిషాలకు, రోజూ అదే వేళకు, కమోడ్ మీద కూర్చుని కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది. ఐదారు నిమిషాల్లో రాకపోతే లేచి రావాలి.

ఆపరేషన్ ఎక్కడ జరిగిందన్నదాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. మలాశయం క్యాన్సర్‌కో, పెద్దగా చేసిన గర్భసంచి ఆపరేషన్‌కో కటి నరాలు దెబ్బతింటే నెలల తరబడి మలం పట్టేయడమో, పదేపదే వెళ్లాల్సి రావడమో, మూత్రం ఆగడమో ఉండొచ్చు. అది గమ్‌తో తీరేది కాదు, సర్జన్‌కు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పిత్తాశయం తీసినవాళ్లలో కొందరికి తిండి తిన్న వెంటనే నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. అక్కడ నరాల తప్పేమీ లేదు, పైత్యరసం ఎడతెగకుండా పెద్దపేగుకు చేరడం వల్ల వచ్చే బాధ. దానికి కొలెస్టిరమిన్ అనే పొడి ఉంది.

పచ్చటి వాంతులు, గంటగంటకూ బిగిసే పొట్ట, పోయిన గ్యాస్ మళ్లీ ఆగిపోవడం, జ్వరం, నిమిషానికి 100 దాటిన నాడి, తగ్గుతూ వచ్చిన నొప్పి తిరగబెట్టడం, వీటిలో ఏది కనిపించినా ఈ సరుకులన్నీ పక్కన పెట్టాలి. పేగు కుట్టు వేసినవాళ్లలో లీకు చాలాసార్లు 5 నుంచి 7 రోజుల మధ్య బయటపడుతుంది, అప్పటికి కొందరు ఇల్లు చేరి ఉంటారు. పుత్తూరులోనో పలమనేరులోనో ఉన్నవాళ్లు తెల్లారేదాకా ఆగకుండా దగ్గరి ఆసుపత్రి క్యాజువాల్టీకి వెళ్లి, అక్కణ్నుంచి ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఫోను చేయించాలి. డిశ్చార్జి చీటీ, వేసుకుంటున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లాలి. డాక్టరు చూసేదాకా నోటికి ఏమీ ఇవ్వకూడదు, విరేచన మందు అసలే ఇవ్వకూడదు.